మేడ మీది రెండు గదులు

“పైసలిచ్చి బహదూర్‌పురాల ఎవరుంటరు వదినా?”

మేడ మీది గదులకు రంగులు వేయిస్తుంటే మా ఆడపడుచు అన్న మాట ఇది. పైకి నవ్వేశాను గానీ నాకూ లోపల అదే గుబులు. మా ఆయనది పింఛను లేని ఉద్యోగం. రిటైరైన ఏడాదికే ఇల్లు అమ్మేసి ఎక్కడైనా చిన్న ఫ్లాటు కొనుక్కుందామన్న మాట మొదలైంది. ఆ మాట వచ్చినప్పుడల్లా మా అత్తమ్మ కంచం ముందు నుంచి లేచిపోయేది. ఆమె కాపురానికొచ్చిన ఇల్లు మరి!

గదుల ఆలోచన నాకు జూపార్కు గేటు దగ్గర తట్టింది. సెలవుల్లో జిల్లాల నుంచి వచ్చే తల్లులు చంకలో పిల్ల, చేతిలో సంచీతో “దగ్గర్లో ఉండటానికి మంచి గది ఉందా అమ్మా?” అని అడిగేవారు. 1963లో తెరిచిన ఆ పార్కు 380 ఎకరాలు. పిల్లలతో ఒక పూటలో తిరిగి రాగలిగేది కాదు. మా ఇల్లు అక్కడికి పది నిమిషాల నడక.

ఇంటర్నెట్‌లో వివరాలు పెట్టింది మా అమ్మాయి. ‘చార్మినార్ పక్కనే విశాలమైన గదులు, కారు సౌకర్యం’ అని రాసింది. చార్మినార్ మాకు రెండు కిలోమీటర్ల పైమాటే. గది మూలన నిలబడి ఫొటో తీస్తే పెళ్ళి హాలులా కనిపించింది. ‘పాతబస్తీ’ అన్న మాట ఎక్కడా లేదు. నేనే వద్దన్నాను. ఆ పేరు చూస్తే భయపడతారని.

మొదట దిగింది కర్నూలు నుంచి వచ్చిన కుటుంబం. వాళ్ళ కారు సందు మొదట్లోనే ఆగిపోయింది. పెద్దావిడకు మోకాళ్ళ నొప్పులు. మా మెట్లు పద్దెనిమిది. ఆమె ఎక్కుతుంటే వెనకాల నిలబడి చూడలేకపోయాను. మరునాడే ఖాళీ చేసి వెళ్ళి, ఉన్నదున్నట్టు రాసి ఒకే ఒక్క నక్షత్రం ఇచ్చారు. ఆ తర్వాత రెండు నెలలు ఫోను మోగలేదు.

ముందు కోపం వచ్చింది. తర్వాత ఒక మధ్యాహ్నం అదే అభిప్రాయం మళ్ళీ చదివాను. అందులో ఒక్క అబద్ధం లేదు. అబద్ధం మాది.

ఆ రాత్రి కూర్చుని అంతా తిరగరాశాం. మా ఇల్లు పాతబస్తీలోని బహదూర్‌పురాలో ఉంది. కారు సందు మొదట్లో ఆగుతుంది, అక్కడి నుంచి మూడు నిమిషాలు నడవాలి. పద్దెనిమిది మెట్లున్నాయి, లిఫ్టు లేదు. తెల్లవారుజామున అజాన్ వినిపిస్తుంది. గాలి ఇటు తిరిగితే ఒక్కోసారి జూలో సింహం గర్జన కూడా! సోమవారం జూ ఉండదు, శుక్రవారం సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ ఉండవు, చూసుకుని రండి.

“గిట్ల రాస్తే ఎవరొస్తరమ్మా?” అంది మా అమ్మాయి. సింహం సంగతి మాత్రం దానికి నచ్చింది.

ఫొటోలు కూడా మార్చాం. మెట్లది ఒకటి, సందుది ఒకటి, బాత్‌రూమ్‌వి రెండు పెట్టాం. ఆడవాళ్ళు ముందు చూసేది బాత్‌రూమే కదా, మనం చూడమూ? కర్నూలు వారికి అక్కడే జవాబు రాశాను: ‘తప్పు మాది. మెట్ల సంగతి ముందే చెప్పి ఉండాల్సింది. అమ్మగారిని క్షమించమనండి.’ తర్వాత నిజామాబాద్ నుంచి వచ్చిన ఒక టీచరు ఆ జవాబు చదివే ఫోను చేశానని చెప్పింది. ఇద్దరు పిల్లలతో ఒంటరిగా వచ్చి, మూడు రాత్రులు ఉండి వెళ్ళింది.

అన్నట్టు, ఇలా ఇంట్లో చోటివ్వడం మనకు కొత్తేమీ కాదు గానీ, దాన్ని ప్రపంచవ్యాప్త వ్యాపారం చేసిన ఎయిర్‌బిఎన్‌బి కూడా ఇబ్బందిలోనే పుట్టింది. 2007లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇద్దరు కుర్రాళ్ళు అద్దె కట్టలేక, హాల్లో గాలి పరుపులు వేసి అతిథులకు ఇచ్చారు.

మీకూ ఇలాంటి ఆలోచన ఉంటే నాకు అనుభవమైనవి చెబుతాను. గూగుల్ మ్యాప్‌లో మీ ఇంటి పేరు ఎక్కించడానికి పైసా ఖర్చు లేదు. ‘గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం, డబ్బు కడితే పైన చూపిస్తాం’ అని ఫోను వస్తే పెట్టేయండి. బుకింగ్ సంస్థలు తీసుకునే కమిషన్ ముందే అడిగి, ఆ లెక్కతోనే అద్దె చెప్పండి. ఇంకొకటి. మిలిటరీ ఆఫీసరునంటూ ఒకాయన పది రోజులకు గది కావాలన్నాడు. అడ్వాన్సు పంపుతున్నాను, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అన్నాడు. వేలు ఫోను దాకా వెళ్ళింది. డబ్బు పంపడానికే పిన్ కావాలి, తీసుకోవడానికి అక్కర్లేదని మా అమ్మాయి అరిచింది కాబట్టి బతికిపోయాను.

కేంద్ర పర్యాటక శాఖ బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ పథకంలో నమోదు కావాలంటే యజమాని ఆ ఇంట్లోనే ఉండాలి, గదులు ఆరుకు మించకూడదు. విదేశీయులు దిగితే 24 గంటల్లోగా వివరాలు ఆన్‌లైన్‌లో అధికారులకు పంపాలి. మన వారైనా సరే, గుర్తింపు కార్డు చూడకుండా నేను తాళం చెవి ఇవ్వను.

పొద్దున టిఫిను నాదే. ఎవరైనా ఖిచిడీ, ఖీమా అడిగితే పక్కింటి ఖాలా వండి పంపుతుంది. ఆ డబ్బులు ఆమెవే. మొదటిసారి ఇస్తే తీసుకోలేదు. ఇప్పుడు నెలాఖరుకు లెక్క తనే చెబుతుంది.

ఇల్లు అమ్మే మాట పూర్తిగా ఆగిపోలేదు. ఈ ఎండాకాలం సెలవులు అయ్యాక చూద్దామన్నారు మా ఆయన. మే నెలకు పదకొండు రాత్రులు ఇప్పటికే నిండాయి. ఆ పుస్తకం ఇప్పుడు మా అత్తమ్మ దగ్గరుంటుంది. రోజూ పొద్దున్నే కళ్ళజోడు పెట్టుకుని లెక్కపెడుతోంది.