లాగని ఇంజను

కారు చక్కగనే బయలుదేరును. చప్పుడులో వింత యేమియు వినబడదు. ఊరు దాటిన పిదప, ముందు పోవుచున్న లారీని దాటవలెనని ఆక్సిలరేటరు నొక్కినపుడు మాత్రము ఇంజను ఒక్క క్షణము వెనుకాడి, ఒక కుదుపు కుదిపి, ఆ తరువాత గాని కదలదు. ఎదుటినుండి బస్సు వచ్చుచున్నపుడు ఆ క్షణము చిన్నది కాదు. ఇట్టి బండిని తీసికొనిపోగా కొన్ని షెడ్లలో మొదట వినవచ్చు మాట, కార్బురేటరు మార్చవలెనని. ఆ ఖర్చునకు పూనుకొనుటకు ముందు చూచుకొనవలసిన, దాదాపు ఖర్చే లేని సంగతులు కొన్ని కలవు.

వాడుకలో పికప్ లేదను ఒక్క మాటలో రెండు వేరు జబ్బులు ఇమిడియున్నవి. నొక్కిన క్షణమున తడబడి, తరువాత సర్దుకొని పోవుట ఒకటి. తడబాటు లేకున్నను, అరకు ఘాటువంటి ఎత్తున ఎంత నొక్కినను వేగము అందుకొనకపోవుట రెండవది. మీ బండి జబ్బు ఈ రెంటిలో ఏదో, అది ఇంజను చల్లగా ఉన్నపుడు కనబడునో వేడెక్కిన పిదప కనబడునో గమనించి చెప్పినచో, మెకానిక్కు పని సగము తగ్గును.

ఉదాహరణకు అంబాసిడరును తీసికొందము. ఉత్తరపారా కర్మాగారమున దీని తయారీ 2014లో ఆగిపోయినది. అయినను పాత 1489 సి.సి. పెట్రోలు ఇంజనుతో తిరుగు బండ్లను అభిమానముతో కాపాడుకొనువారు ఇప్పటికిని కలరు. బానెట్టు ఎత్తినచో సమస్తము కంటికి కనబడును గనుక, నేర్చుకొనువారికి ఇంతకు మించిన బడి లేదు.

ఆక్సిలరేటరు నొక్కగనే గాలిదారి తెరచుకొనును. గాలి తేలికయైనది గనుక వెంటనే లోనికి దూకును; పెట్రోలు బరువైనది గనుక వెనుకబడును. ఆ క్షణమున మిశ్రమము పలుచనై సరిగా మండదు. ఈ లోటు తీర్చుటకే కొన్ని కార్బురేటర్లలో అదనపు పెట్రోలు చిమ్ము చిన్న పంపు ఉండును. యస్.యు. రకమున ఆ పంపు లేదు. దానికి బదులు పైనున్న గుమ్మటములో ఒక పిస్టను, దాని బోలు కాడలో కొంచెము నూనె ఉండును. ఆ నూనె పిస్టనును ఒక్కసారిగ లేవనీయదు. ఆ జాప్యములో పెట్రోలు ఎక్కువగ పీల్చబడును. నూనె ఎండిపోయినచో తడబాటు తప్పదు. పై మూత త్రిప్పి, పలుచని ఇంజను నూనె కొంచెము పోసినంత తీరిపోవు జబ్బునకు కార్బురేటరునే మార్చుట అన్యాయము.

2023లో మన దేశమున అమ్మకము మొదలైన 20 శాతము ఇథనాలు పెట్రోలు పాత బండ్లకు మరియొక చిక్కు తెచ్చినది. ఇథనాలులో ఆక్సిజను ఉన్నది గనుక, వట్టి పెట్రోలుకై అమర్చిన జెట్టుతో మిశ్రమము మరికొంత పలుచబడును. పాతకాలపు రబ్బరు గొట్టములు దానిలో ఉబ్బి చెడవచ్చును. అది తేమను కూడ పీల్చుకొనును. నెలల తరబడి కదలని బండి టాంకులో నీరు చేరుట ఇందువలననే.

అయినను కార్బురేటరుకంటె ముందు అనుమానింపవలసినది నిప్పునే అని మా అభిప్రాయము. డెల్కోలోని ప్లాటినం పాయింట్ల ఎడము 0.014 నుండి 0.016 అంగుళము ఉండవలెను. పాయింటు మడమ అరిగినకొలది ఆ ఎడము తగ్గును. తగ్గినకొలది నిప్పు ఆలస్యముగ పడును. నిప్పు ఆలస్యమైనచో పిస్టను దిగిపోవుచుండగా మంట దానిని తరుమవలసివచ్చును. బలము సైలెన్సరు గుండ పోవును. ఇంజను వేడెక్కును, పెట్రోలు ఎక్కువ త్రాగును. కండెన్సరు చెడినచో పాయింట్లు కాలి నిప్పు బలహీనపడును. డెల్కో ప్రక్కనున్న చిన్న డబ్బాలోని పొర చిరిగినను తడబాటు వచ్చును. దాని గొట్టమును కార్బురేటరు వైపున ఊడదీసి నోటితో పీల్చి నాలుకతో మూసినచో, పొర మంచిదైన పీల్పు నిలుచును, చిరిగినదైన నిలువదు.

ప్రతి ప్లగ్గు నిప్పురవ్వయు ఒక చిన్న రేడియో ప్రసారమే. మా వృత్తికి అది పాత శత్రువు. దాని చిటపట రేడియోలలో వినబడకుండుటకే ప్లగ్గు తీగెలలో నిరోధము చేర్చిరి. కార్బను తీగెలు పాతబడినపుడు ఆ నిరోధము హద్దు మీరి నిప్పునే చంపును. రేడియో మేలుకొరకు వచ్చిన తీగెయే ఇంజనుకు కీడు చేయుట వింతగదా!

ప్లగ్గులు విప్పినపుడు రంగు చూడుడు. లేత గోధుమరంగు ఆరోగ్యము. పొడి నల్లమసి పెట్రోలు ఎక్కువైనదనుటకు, తెలుపు మిశ్రమము పలుచనైనదనుటకు, నూనెజిడ్డు రింగులు అరిగినవనుటకు గుర్తులు.

ఎత్తున మాత్రమే లాగని బండికి పెట్రోలు సరిగా అందుచున్నదా చూడవలెను. ఫిల్టరు మూసికొనిపోవచ్చును. టాంకు మూతలోని గాలిరంధ్రము పూడినను కొంతదూరము పోయి బండి నీరసించును. మూత తీయగనే బుస్సుమని శబ్దము వచ్చినచో దొంగ దొరికినట్లే. మండువేసవిలో పంపులోని పెట్రోలు ఆవిరియై ఆగుట కలదు. డ్రైవర్లు పంపుపై తడిగుడ్డ వేయుట ఇందుకే. అది మూఢాచారము కాదు. ఇంజను అరచుచు బండి కదలనిచో క్లచ్చు జారుచున్నది. చక్రపు డ్రమ్ము చేయి పెట్టలేనంత కాగినచో బ్రేకు పట్టుచున్నది. అన్నియు సరియైనను బలము లేనిచో కంప్రెషను కొలిపింపుడు. తక్కువైన సిలిండరులో చెంచాడు నూనె పోసి మరల కొలిచినపుడు పెరిగినచో రింగులు, పెరగనిచో చాలవరకు వాల్వులు కారణము.

ఏమి సవరించినను ఒక్కటొక్కటిగ సవరించి నడిపి చూడవలెను. ఒకేసారి నాలుగు మార్చినచో ఏది మందో తెలియదు. మరల జబ్బు వచ్చినపుడు మరల నాలుగు కొనవలసివచ్చును.

నేటి కార్లలో కంప్యూటరు ఉన్నది. స్కానరు చూపు సంఖ్య ఏ వలయము మొరపెట్టుచున్నదో చెప్పును గాని, ఏ భాగము మార్చవలెనో చెప్పదు. ఒక్క సూచనను మాత్రము వాయిదా వేయరాదు. ఇంజను దీపము మినుకు మినుకుమనుచు బండి కుదుపుచున్నచో, మండని పెట్రోలు సైలెన్సరు దారిలోని కాటలిటిక్ కన్వర్టరును చేరి అక్కడ మండుచున్నదన్నమాట. అది ఎర్రగ కాగి, కరగి, పొగదారినే మూసివేయగలదు. కాలు తగ్గించి బండిని ప్రక్కకు తీయవలెను. నూర్పిళ్ల కాలములో మన రోడ్లపై పరచియుంచు ఎండుగడ్డి మీద మాత్రము నిలుపరాదు.