‘ఖాళీగానే ఉన్నాడుగా, టెన్షన్ దేనికి?’

బీటెక్ పూర్తయి, ఉద్యోగం రాని ఏడాదిలో పిల్లలు ఎంత నలిగిపోతారో ఇంట్లో చెప్పుకోరు. వాళ్ల మంచి కోరి మనం అనే మాటలే కొన్నిసార్లు ఆ బాధను రెట్టింపు చేస్తాయి. ఆ మాటల వెనక మనం ఏళ్లుగా నమ్ముతున్న అపోహలు కొన్ని ఉన్నాయి.

అపోహ: బాగా చదివితే ఉద్యోగం దానంతటదే వస్తుంది. రాలేదంటే లోపం పిల్లల్లోనే ఉంది.

వాస్తవం: అంతర్జాతీయ కార్మిక సంస్థ భాగస్వామ్యంతో 2024లో వచ్చిన భారత ఉపాధి నివేదిక ప్రకారం, 2022లో డిగ్రీ చదివిన యువతలో నిరుద్యోగం 29.1 శాతం. చదవడం, రాయడం రాని యువతలో అది 3.4 శాతమే. చదువు లేనివాళ్లకు మంచి కొలువులు దొరుకుతున్నాయని దీనర్థం కాదు. ఏ పని దొరికితే ఆ పని చేయకపోతే వాళ్లకు పూట గడవదు. చదువుకున్నవాళ్లు తగిన ఉద్యోగం కోసం ఆగుతారు, ఆ ఉద్యోగాలేమో అందరికీ సరిపడా లేవు. ఐటీలో చూడండి. 2023-24 ఆర్థిక సంవత్సరంలో టీసీఎస్, ఇన్ఫోసిస్, విప్రో మూడింటిలో కలిపి ఉద్యోగుల సంఖ్య సుమారు 64 వేలు తగ్గింది. రెండేళ్ల ముందు అవే మార్కులతో బయటికెళ్లిన సీనియర్లను కంపెనీలు పోటీపడి తీసుకున్నాయి. ఈ రెండు బ్యాచ్‌లకూ తేడా ఎక్కువగా పట్టా పుచ్చుకున్న సంవత్సరంలోనే ఉంది.

అపోహ: పనీ పాటా లేకుండా ఖాళీగానే ఉన్నాడుగా, టెన్షన్ దేనికి?

వాస్తవం: ఇంతకంటే తప్పుడు లెక్క లేదు. 1930 ప్రాంతంలో ఆస్ట్రియాలోని మరియెన్‌తాల్ అనే ఊళ్లో బట్టల మిల్లు మూతపడి దాదాపు ఊరంతా పని పోగొట్టుకుంది. మేరీ యహోడా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అనే పరిశోధకులు అక్కడి జీవితాన్ని దగ్గర్నుంచి చూసి 1933లో పుస్తకం అచ్చువేశారు. తీరిక పెరిగింది కదా, జనం ఎక్కువ చదివి ఉంటారనుకుంటాం. గ్రంథాలయంలో రుసుము తీసేసినా, పుస్తకాలు పట్టుకెళ్లడం మాత్రం దాదాపు సగానికి పడిపోయింది. వీధిలో మగవాళ్ల నడక నెమ్మదించింది. యహోడా తర్వాతి కాలంలో దీన్ని వివరించారు: ఉద్యోగం జీతంతోపాటు దినచర్యకు ఒక క్రమాన్నీ, నలుగురితో కలిసే వీలునూ, తనకంటూ ఒక గుర్తింపునూ ఇస్తుంది. అవి పోతే మనిషి లోలోపల కుంగిపోతాడు.

మొదటి ఉద్యోగం వెతుక్కునేవాళ్లకు అవి ఇంకా దొరకనే లేదు. కొంతవరకు వాటిని ఇచ్చిన కాలేజీ కూడా అయిపోయింది. అమీర్‌పేట హాస్టల్లో ఉండే కుర్రాడి పొద్దు చూడండి. లేవగానే నౌక్రీ జాబ్ సైట్‌లో ప్రొఫైల్ తెరిచి, ఒక్క మాట అటూఇటూ మార్చి సేవ్ చేస్తాడు. అలా చేస్తే రిక్రూటర్లకు పైన కనిపిస్తుందని అందరూ చెప్పుకుంటారు. స్నానానికెళ్లినా ఫోన్ సౌండ్ పెంచి తలుపు పక్కనే పెడతాడు. 040తో మొదలయ్యే నంబరు మోగితే సబ్బు చేత్తోనే ఎత్తుతాడు. అవతలి మనిషి పర్సనల్ లోన్ కావాలా అని అడుగుతుంది. మూడో రౌండ్ దాకా వెళ్లిన కంపెనీ నుంచి అవుననీ కాదనీ మెయిల్ రాదు. కాదని చెబితే ఒక రోజు ఏడ్చి ఇంకోదానికి సిద్ధమవుతాడు. ఏమీ చెప్పకపోతే ఆశ వదులుకోలేడు, కొత్తదాని మీద మనసూ పెట్టలేడు. సాయంత్రం అమ్మ ఫోన్ చేసి తిన్నావా అని మాత్రమే అడుగుతుంది. ఆమె అడగకుండా ఆపుకున్న ప్రశ్న ఏమిటో అతనికి తెలుసు. ఇదంతా ఖాళీగా ఉండటమా?

అపోహ: గట్టిగా అడుగుతూ ఉంటేనే దారిలో పడతారు.

వాస్తవం: అడిగేకొద్దీ తప్పించుకు తిరుగుతారు. సంక్రాంతికి ఊరు రారు, పెళ్లిళ్లకు రారు. ఇందులో ఇంకో నష్టమూ ఉంది. చాలా ఉద్యోగాలు దగ్గరివాళ్లకంటే ముఖపరిచయస్తుల ద్వారా తెలుస్తాయని మార్క్ గ్రానొవెటర్ అనే సామాజికవేత్త 1970ల్లోనే చూపించారు. పెద్దమ్మ కొడుకు స్నేహితుడు రిఫరల్ పెట్టగలిగేది ఆ పెళ్లిలో పరిచయమైతేనే. మన ప్రశ్నలకు జడిసి రానివాళ్లకు ఆ దారీ మూసుకుపోతుంది. ఆడపిల్లలకైతే ‘ఈ ఏడాది రాకపోతే సంబంధాలు చూస్తాం’ అని గడువు కూడా పెడతాం. ఆ గడువు మెడ మీద ఉండగా ఇంటర్వ్యూలో గొంతు వణక్కుండా మాట్లాడమనడం ఎంత అన్యాయం! ఆదివారం ఒక్కరోజు ఉద్యోగం సంగతి మాట్లాడుకుందాం, మిగతా రోజులు ఆ ఊసెత్తం అని ఇంట్లో ఒప్పందం చేసుకోండి, చాలు.

అపోహ: కాస్త డబ్బు కడితే బ్యాక్‌డోర్‌లో పని అయిపోతుంది.

వాస్తవం: ఉద్యోగానికి డబ్బు తీసుకోబోమని పెద్ద ఐటీ కంపెనీలు తామే ప్రకటించాయి. డబ్బు కట్టి తెచ్చుకున్న దొంగ ఎక్స్‌పీరియన్స్ లెటర్ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో బయటపడితే ఉద్యోగం పోతుంది, ఆ డబ్బు కోసం బంగారం తాకట్టు పెట్టి చేసిన అప్పు మిగులుతుంది.

అపోహ: మొదటి ఏడాది పోతే జీవితమే వెనకబడుతుంది.

వాస్తవం: మాంద్యంలో డిగ్రీ పూర్తిచేసిన కెనడా విద్యార్థుల జీతాలను ఆర్థికవేత్తలు ఏళ్ల తరబడి పరిశీలించి 2012లో ఫలితాలు ప్రచురించారు. మొదట్లో వాళ్ల సంపాదన తగ్గిన మాట నిజమే. సగటున చూస్తే, కంపెనీలు మారుతూ పదేళ్లలోపే ఆ లోటు చాలావరకు పూడ్చుకున్నారు.

అపోహ: ఇది డిప్రెషన్ కాదు, జాబ్ వస్తే అదే పోతుంది.

వాస్తవం: చాలామందికి ఉద్యోగం రాగానే బరువు దిగిపోతుంది, అందరికీ కాదు. రెండు వారాలకు పైగా నిద్ర పట్టకపోయినా, తిండి సహించకపోయినా, ఇష్టమైన క్రికెట్ మ్యాచ్ కూడా చూడబుద్ధి కాకపోయినా డాక్టరుకు చూపించాలి. ‘నేను లేకపోతే మీకు బెంగ ఉండదు’ లాంటి మాట వినపడితే రెండు వారాలు ఆగే పనే లేదు. ఆ రోజే తోడుగా కూర్చోండి, ఒంటరిగా వదలకండి, సాయం కోసం ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416. ఇరవైనాలుగు గంటలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు. పిల్లలే చేయాలనేం లేదు. వాళ్లతో ఎలా మాట్లాడాలో తెలియని అమ్మానాన్నలు కూడా చేయవచ్చు.