గింజలలోని మాంసకృత్తులను కొలుచు విధము

పొన్నూరు ప్రాంతపు మాగాణులలో వరి కోతకు కొద్ది దినములు ముందుగా మినుములు వెదజల్లి, నేలలో మిగిలిన పదనుతోనే రెండవ పంట తీయుట వాడుక. మర పట్టిన బియ్యమున మాంసకృత్తులు నూటికి సుమారు 7 పాళ్లు, మినుములలో సుమారు 24 పాళ్లు ఉండును. ఈ పాళ్లను ఎట్లు కనుగొందురో, ఆ లెక్కలో పొరపాటు ఎక్కడ కలుగునో ఎరిగిన రైతు పశువులకు దాణా కొనునపుడు మోసపోడు.

పిండిపదార్థములలోను నూనెలోను నత్రజని ఉండదు; మాంసకృత్తులలో ఉండును. ఈ భేదమే కొలతకు ఆధారము. డెన్మార్కు దేశమున కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో పనిచేసిన కెల్డాల్ అను రసాయన శాస్త్రజ్ఞుడు 1883లో ఈ పద్ధతిని వెల్లడించెను. తూచిన పొడిని గాఢ గంధకామ్లములో మరిగించినచో అందలి నత్రజని లవణముగా మారును. దానికి కాస్టిక్ సోడా చేర్చి కాచినచో అమోనియా ఆవిరిగా వెలువడును. దానిని ఆమ్లములో పట్టి కొలిచి నత్రజని లెక్క కట్టుదురు. మాంసకృత్తులలో నత్రజని నూటికి సుమారు 16 పాళ్లు గనుక, వచ్చిన అంకెను 6.25చే హెచ్చింతురు. ఒక గ్రాము మినుముల పొడిలో 0.04 గ్రాముల నత్రజని యున్నచో మాంసకృత్తులు నూటికి 25 పాళ్లు. బియ్యమునకు మాత్రము 5.95చే హెచ్చించుట కలదు.

పచ్చి ఆకును పరీక్షించుట ఇంతకంటె కష్టము. ఆకు నలిగిన వెంటనే అందలి జీర్ణకారకములు మాంసకృత్తులను విరుగగొట్టును. కోసిన వంకాయను నల్లబరచు పదార్థముల వంటివి వానిని పట్టుకొని కరుగనీయవు. అందుచే శాస్త్రజ్ఞులు ఆకును ద్రవ నత్రజనిలో గడ్డకట్టించి నూరుదురు. గింజలలోను భేదము కలదు: మినుముల మాంసకృత్తులలో అధికభాగము ఉప్పునీటిలో కరుగును; బియ్యపువాటిలో అధికభాగము పలుచని క్షారములో మాత్రమే కరుగును. ఒకే ద్రావకముతో అన్నిటిని తీయజూచినచో లెక్క తగ్గును.

అన్నిటికంటె పెద్ద చిక్కు వేరొకటి. కెల్డాల్ పద్ధతి నత్రజనిని కొలుచునే గాని, అది ఎందులోనిదో చెప్పదు. కేసరి పప్పును అతిగా తినువారి కాళ్లు పడిపోవుటకు కారణమైన విషమును బెంగుళూరు విజ్ఞానసంస్థలో రావు, అడిగ, శర్మ గార్లు 1964లో వేరుపరచిరి. అది మాంసకృత్తు కాదు. అయినను అందలి నత్రజనియు లెక్కలో చేరును.

ఈ లోపమునే మోసగాండ్రు వాడుకొందురు. యూరియాలో నత్రజని నూటికి 46 పాళ్లు. మాంసకృత్తులు 12 పాళ్లు గల 100 కిలోల తవుడులో ఒక్క కిలో యూరియా కలిపినచో పరీక్షలో దాదాపు 15 పాళ్లు కనబడును. బలము మాత్రము ఆ మేరకు పెరుగదు. యూరియా మితిమీరినచో పశువునకు ప్రాణాపాయము. లేదూడలకు అసలే పనికిరాదు. 2008లో చైనా దేశమున పాలలో ఇట్లే మెలమిన్ కలుపుటచే సుమారు 3 లక్షల శిశువులు జబ్బుపడిరి, ఆరుగురు మరణించిరి.

కావున రైతులు ఈ క్రింది విషయములను పాటింపవలెను.

1. మాదిరిని ఒక్క బస్తానుండి గాక, పలు బస్తాల పైభాగము, నడుమ, అడుగునుండి తీసి కలుపవలెను. కుప్పను నాలుగు భాగములు చేసి, ఎదురెదురు రెండు భాగములు ఉంచి, కావలసినంత మిగులువరకు మరల అట్లే చేయవలెను.

2. ఎరువు పోసిన సంచిలో మాదిరి నుంచరాదు. ఎరువు ముట్టిన చేతులతో తాకరాదు.

3. తేమ తగులకుండ మూత బిగించి పంపవలెను. తేమ 10 పాళ్లున్న గింజలో 25 పాళ్లని తేలినది, తేమ తీసి లెక్కించినచో సుమారు 28 పాళ్లగును. రెండు సరకులను పోల్చునపుడు తేమ లెక్కయు అడుగవలెను.

4. ఫలితములో ముడి మాంసకృత్తులనియే యున్నచో, నిజమైన మాంసకృత్తులను వేరుగా పరీక్షింపుమని కోరవలెను. అందు మాంసకృత్తులను ఆమ్లముచే పేరబెట్టి వడగట్టి, ఆ ముద్దనే కొలుతురు. యూరియా నీటితో పోవును. రెండు అంకెలకు నడుమ భేదము మిక్కిలిగా నున్న దాణాను కొనకుండుట మేలు.