నానోసెకనులో తప్పే గురి

విశాఖపట్నంలోని డాప్లర్ వాతావరణ రాడార్ నుంచి బయల్దేరిన రేడియో తరంగం విజయనగరం జిల్లా రామతీర్థం మీది వానమబ్బును తాకి తిరిగి రావడానికి పట్టే సమయం సెకనులో మూడువేలో వంతు. సూటిగా చూస్తే ఆ రెండు చోట్ల మధ్య దూరం సుమారు 50 కిలోమీటర్లు. తరంగం తిరిగి రావడంలో జరిగిన ఆలస్యాన్ని బట్టే మబ్బు ఎంత దూరంలో ఉందో రాడార్ చెబుతుంది. కొలతలో ఒక మైక్రోసెకను, అంటే సెకనులో పదిలక్షలో వంతు, తప్పితే దూరంలో వచ్చే తేడా 150 మీటర్లు. తుపాను మేఘం విషయంలో అదొక లెక్క కాదు. ఇక మబ్బు ఏ దిక్కున ఉందన్నది ఆ రాడార్ తన డిష్‌ను మోటారుతో తిప్పుకుని తెలుసుకుంటుంది. యాంటెన్నా కదలనిదైతే దిక్కును కూడా ఆలస్యాలతోనే నిర్ణయించాలి. అప్పుడు మైక్రోసెకన్లతో పని జరగదు. అందులో వెయ్యో వంతైన నానోసెకన్లను అదుపులో పెట్టే సర్క్యూట్లు కావాలి.

అలాంటి రాడార్ మన రాష్ట్రంలోనే ఉంది. తిరుపతికి దగ్గరలోని గాదంకిలో, జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఆవరణలో, 1990ల తొలినాళ్లలో నెలకొల్పిన ఎంఎస్‌టి రాడార్ అది. 130 మీటర్ల చదరంలో 32 వరుసలు, వరుసకు 32 చొప్పున 1024 యాగీ యాంటెన్నాలు. ఒక్కటీ కదలదు. అన్నీ ఒకే క్షణాన 53 మెగాహెర్ట్జ్ తరంగాన్ని వదిలితే పుంజం నిట్టనిలువుగా పైకి వెళుతుంది. ఒక్కో వరుస తన పక్క వరుస కంటే 2.3 నానోసెకన్లు ఆగి వదిలితే అదే పుంజం 10 డిగ్రీలు వాలుతుంది. వరుసల మధ్య ఎడం నాలుగు మీటర్లని తెలిస్తే ఈ లెక్క ఇంటర్ విద్యార్థి కూడా కట్టగలడు. ఈ విధంగా పుంజాన్ని నిటారుగానూ వాలుగానూ పంపి, తిరిగి వచ్చిన అతి బలహీనమైన ప్రతిధ్వని నుంచి పైగాలుల వేగాన్ని రాబడతారు.

ఈ రంగంలో అసలు కష్టం చిన్న ఆలస్యాన్ని పుట్టించడంలో లేదని నా వాదన. పుట్టించడం సులువే. మామూలు కోయాక్సియల్ కేబుల్‌లో సంకేతం నానోసెకనుకు 20 సెంటీమీటర్లు పోతుంది కాబట్టి, ఆ మేరకు కేబుల్ పొడవు పెంచితే నానోసెకను ఆలస్యం వచ్చినట్టే. దాన్ని ఎండాకాలం మధ్యాహ్నమూ కార్తీకమాసం తెల్లవారుజామునా ఒకే తీరుగా నిలపడమే కష్టం. వానాకాలంలో దక్షిణ భారతం మీద, దాదాపు 16 కిలోమీటర్ల ఎత్తున, తూర్పు నుంచి బలమైన జెట్ గాలి వీస్తుంది. దాని వేగం సెకనుకు 40 మీటర్లనుకుందాం. గాలి పైకి లేచే నిలువు వేగమైతే చాలా రోజుల్లో సెకనుకు కొన్ని సెంటీమీటర్లే. నిట్టనిలువు అనుకున్న పుంజం డిగ్రీలో పదో వంతు వాలినా, ఆ జెట్ గాలిలోంచి సెకనుకు 7 సెంటీమీటర్లు నిలువు గాలి లెక్కలో దొంగతనంగా చేరతాయి. కొలవబోయినదాన్నే మింగేసేంత తప్పు అది. అంత వాలు రావడానికి మైదానం ఈ చివరకూ ఆ చివరకూ మధ్య 0.7 నానోసెకను తేడా చాలు. కేబుల్‌లో చెప్పాలంటే మూరెడు కూడా కాదు, 14 సెంటీమీటర్లు.

వంద మీటర్ల కేబుల్‌ను దాటడానికి సంకేతానికి అర మైక్రోసెకను పడుతుంది. వేడికి అందులో వెయ్యో వంతు మారినా అర నానోసెకను పోయినట్టే. ఇక్కడొక ఊరట ఉంది. అన్ని కేబుళ్లూ సమానంగా మారితే పుంజం వాలదు, తేడాలే వాలుస్తాయి. అందుకే ఇలాంటి చోట్ల దగ్గరి యాంటెన్నాకూ దూరపు యాంటెన్నాకూ ఒకే పొడవు, ఒకే రకం కేబుల్ వేసి, మిగిలినదాన్ని చుట్టపెట్టే పద్ధతి ఉంది. చూసేవారికి దుబారా అనిపిస్తుంది గానీ అందులోనే తెలివుంది. చిప్పుల లోపలా ఇదే సూత్రం. చిప్పులో ఒక్కో గేటును దాటడానికి సంకేతానికి కొన్ని పదుల పికోసెకన్లు, అంటే నానోసెకనులో వెయ్యో వంతులు, పడుతుంది. వోల్టేజీ తగ్గినా, చిప్పు వేడెక్కినా ఆ సమయం పెరుగుతుంది. కాబట్టి గేట్ల గొలుసును నమ్మి వదిలేయరు. గొలుసు మొత్తం ఆలస్యాన్ని క్వార్ట్జ్ గడియారపు ఒక పూర్తి టిక్కుతో ఎప్పటికప్పుడు పోల్చి, ఎక్కువైతే తగ్గించి, తక్కువైతే పెంచే మరో సర్క్యూట్‌ను జోడిస్తారు. ఇంకా సన్నని మెట్టు కావాలంటే 55 పికోసెకన్ల గేట్ల గొలుసునూ 50 పికోసెకన్ల గొలుసునూ పక్కపక్కన నడుపుతారు. రెంటికీ ఉన్న 5 పికోసెకన్ల వ్యత్యాసమే కొలబద్ద. స్కూలు ల్యాబ్‌లోని వెర్నియర్ కాలిపర్స్ పనిచేసేది ఇలాగే.

వేగమైన గడియారం పెడితే పోదా అని అడగవచ్చు. సెకనుకు 10 కోట్ల టిక్కుల గడియారం 10 నానోసెకన్ల మెట్టు ఇస్తుంది. 10 పికోసెకన్ల మెట్టుకు సెకనుకు 10 వేల కోట్ల టిక్కులు కావాలి. లెక్కపెట్టే మామూలు చిప్పులకు అది అందే వేగం కాదు. మరో ప్రశ్న బలమైనది: తప్పును తర్వాత కంప్యూటర్‌లో దిద్దలేమా? ప్రతి యాంటెన్నా సంకేతాన్నీ విడిగా నమోదు చేస్తే, తిరిగి వచ్చే తరంగం విషయంలో చాలావరకు దిద్దవచ్చు. గాదంకిలో తర్వాత ఒక్కో యాంటెన్నాకు విడివిడిగా ప్రసార, గ్రాహక యూనిట్లు అమర్చడం ఈ వెసులుబాటును పెంచింది కూడా. అయితే వాలుగా వెళ్లిపోయిన తరంగాన్ని వెనక్కి పిలవలేం. పైగా దిద్దాలంటే ముందు తప్పెంతో తెలియాలి. నమోదు చేసే గడియారాలే ఒకదానితో ఒకటి పొసగకపోతే తప్పు తెలిసే మార్గమేది? ఆ మార్గాల్లో ఒకటి ఆకాశంలోనే ఉంది. బలమైన రేడియో మూలమైన వర్గో-ఎ గెలాక్సీ గాదంకికి సుమారు నడినెత్తి మీదుగా, ఒక్క డిగ్రీ దక్షిణంగా వెళుతుంది. దాని రేడియో సడి ఏ క్షణాన గరిష్ఠమైందో చూస్తే పుంజం నిజంగా ఎటు చూస్తోందో తేలుతుంది.

10 పికోసెకన్ల మెట్లతో ఆలస్యం ఇచ్చే చిప్పులు బజారులో దొరుకుతున్నప్పుడు మనం నేర్చుకునేదేముందని కొందరంటారు. చిప్పు మెట్టును అమ్ముతుంది. ఆ మెట్టు మన బోర్డు మీద, మన ఎండలో ఎంత నిలకడగా ఉందో మనమే కొలవాలి. అందుకు ఖరీదైన సరంజామా అక్కర్లేదు. 10 మీటర్ల కేబుల్ చివర తెరిచి ఉంచి పల్స్ పంపితే, ప్రతిధ్వని 100 నానోసెకన్ల తర్వాత తిరిగి వస్తుంది. విజయనగరంలోని ఏ ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌లోనైనా ఉండే మామూలు ఆసిలోస్కోపు తెర మీద అది స్పష్టంగా కనిపిస్తుంది. కేబుల్‌ను ఒక మీటరు కత్తిరిస్తే 10 నానోసెకన్లు ముందుకు జరుగుతుంది.