పొలము గట్లపై పొదల వరుస

మన సంఘ సభ్యులలో పెక్కుమంది వేసవి దుక్కులతోపాటు గట్లమీది పొదలను గూడ కొట్టివేయుచున్నారు. రెండు సాళ్లు కలసివచ్చునని వారి యాశ. మేమును ఒకప్పుడు ఇట్లే బోధించితిమి. ఒక రైతుచేత తంగేడు, వావిలి పెరిగిన గట్టునంతయు త్రవ్వించితిమి. మరుసటి యేడు ఆయన గుమ్మడిపాదులు విరగబూచినను పిందెలు పసుపువారి రాలినవి. గుమ్మడికి మగపువ్వు వేరు, ఆడుపువ్వు వేరు గదా. వేకువను విచ్చిన పువ్వు మధ్యాహ్నమునకే ముడుచుకొనును. ఆ కొద్దిసేపటిలో తేనెటీగ పుప్పొడిని చేర్చనిచో పిందె నిలువదు. పాదులు పూచునది కొన్ని వారములే. తక్కిన దినములలో ఆ యీగలకు గట్టుమీది పూలే గ్రాసము. రాలుటకు అదియొక్కటే కారణమని చెప్పజాలము గాని, ఆయన మమ్ము నిలువదీసినపుడు మాకు మారుమాట లేకపోయెను.

కందిపూలపై వ్రాలు నల్లని పెద్ద తుమ్మెదను మీరెరుగుదురు. అది పట్టు పెట్టదు. ఎండిన కొమ్మను తొలిచి అందే పిల్లలను పెంచును. కావున పొదలలోని యెండుపుల్లలన్నిటిని పొయ్యికి చేర్పవలదు. పసుల పోలిగాడు కొమ్మపై కాచుకొని మిడుతలను, శనగపచ్చ పురుగులను ఏరి తినును. పొదలలో పాములు చేరునని భయపడువారు కలరు. ఎలుకలను తినునదియు ఆ పామే. పురుగుమందు కొట్టునపుడు తుంపర గట్టుమీద పడనీయకుడు.

ఇక నష్టము లెక్క చూతము. నలుచదరపు టెకరమునకు ఒక్కొక్క ప్రక్క సుమారు 209 అడుగులు. ఒక ప్రక్క పొడవునను 3 అడుగులు వదలినచో పోవునది సుమారు ఒకటిన్నర సెంటు. అందు గట్టుస్థలము ఎట్లును దుక్కికి రాదు. నీడ పడుట, వేళ్లు పైరు బలమును లాగుట నిజమే. అందులకు పొదలను ఏటేట నడుమెత్తున నరకి, రొట్టను పొలమునకే వేసి, పైరువైపున మూరెడు లోతు కాలువ తీయవలెను.

మెట్టపొలములకు తంగేడు, వావిలి, సీతాఫలము మేలు; వీనిని మేకలు అంతగా ముట్టవు. నడుమ వాక్కాయ నాటినచో ముండ్లకంచెయు నగును, పచ్చడికి కాయలును దొరకును. సర్కారుతుమ్మను మాత్రము దరికి రానీయకుడు. మృగశిర కార్తెలో నేల బాగుగ తడిసిన పిదప వావిలి కొమ్మలను జానెడు లోతున పాతవలెను.

సరిహద్దు గట్టు ఇద్దరిది. ఒకరు నాటగా నొకరు పెరికివేయుట మేము చూచియున్నాము. కావున ప్రక్కరైతు సమ్మతిని వానలకు ముందే, సంఘ సమావేశమునందు పదిమంది యెదుట పొందుడు. పైన చెప్పిన రైతు తన గట్టున మరల తంగేడు విత్తినాడు, ప్రక్కవారింకను ఒప్పుకొనలేదు.