దురద చేతిలో... డొంక మెడలో!

దద్దుర్లుండవు, పొక్కులుండవు. అయినా మోచేతి చుట్టూ ఒకటే దురద! ఒకోసారి మంట, ఒకోసారి సూదులు గుచ్చుతున్నట్టు, చర్మం కింద చీమలు పాకుతున్నట్టు. గోకేకొద్దీ పెరుగుతుందే తప్ప తగ్గదు. రాత్రి నిద్ర ఉండదు. మందుల షాపులో ఏ ఆయింట్‌మెంటు కొన్నా గుణం కనిపించదు. ఎందుకంటే ఇది చర్మం జబ్బు కాదు... నరాల దురద. వైద్య భాషలో బ్రేకియోరేడియల్ ప్రురైటస్.

ఎండా, మెడా...
ఈ దురదను 1968లో అమెరికాలోని ఫ్లోరిడాలో వైస్‌మన్ అనే వైద్యుడు వివరించాడు. అప్పట్లో ఎండే కారణమనుకున్నారు. మెడ ఎముకలు అరిగి, చేతులకు వెళ్లే నరాలు ఒత్తుకుపోవడమూ కారణమేనని తర్వాత తేలింది. చాలామందిలో మెడ నరాల్లో లోపం ఉంటే, ఎండ దాన్ని రేపుతుంది.

పార్వతీపురం మన్యం జిల్లా పాచిపెంట కొండల్లో పోడు చేసేవాళ్లకి చేతుల మీద ఎండ తప్పదు. తల మీద మోపులు మోస్తే మెడ మీదా భారమే. అయితే చేతుల దురదలన్నీ నరాలవి కావు. జీడి రసం అంటితే పొక్కులొస్తాయి. గజ్జి అయితే వేళ్ల సందుల్లో మొదలై ఇంటిల్లిపాదికీ అంటుకుంటుంది. దురద లేకుండా స్పర్శ తెలియని మచ్చ ఉంటే కుష్ఠు కావచ్చు. దానికి ప్రభుత్వాసుపత్రుల్లో మందులు ఉచితం.

ఐసు చెప్పే గుట్టు
గుడ్డలో చుట్టిన ఐసు పెడితే నరాల దురద చప్పున తగ్గుతుంది, తీసేయగానే మళ్లీ మొదలవుతుంది. వైద్యులకు ఇదో పెద్ద ఆనవాలు. ఐసు దొరకనిచోట చల్లటి తడిగుడ్డ చుట్టుకున్నా ఉపశమనమే.

ఏం చేయాలి?
* ఎండలోకి వెళ్తే పొడుగు చేతుల నూలు చొక్కా వేసుకోవాలి. గోళ్లు కత్తిరించుకోవాలి.
* అలర్జీ మాత్రలు దీనికి పెద్దగా పనిచేయవు. స్టెరాయిడ్ క్రీములు నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది.
* మిరపలోని క్యాప్సైసిన్‌తో చేసిన క్రీము కొందరికి మేలు చేస్తుంది. మొదట్లో మండుతుంది. అలాగని కారం రుద్దుకోకూడదు!
* గబాపెంటిన్, ప్రీగాబలిన్ మాత్రలు నరాలను శాంతింపజేస్తాయి. మత్తుగా ఉంటుంది కాబట్టి వైద్యుల సలహాతోనే వాడాలి. మెడకు ఫిజియోథెరపీ కూడా కొందరికి ఉపయోగపడుతుంది.

చేతిలో పట్టు తప్పుతున్నా, నడక తడబడుతున్నా, మూత్రం మీద అదుపు తప్పినా ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి వెళ్లాలి. మిగతావాళ్లు దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చెయ్యి చూపించేటప్పుడు మెడనొప్పి సంగతీ చెప్పాలి. సగం వైద్యం అక్కడే మొదలవుతుంది.