దోగో వేడినీటి స్నానశాల

బదరీయాత్ర చేసివచ్చిన పెద్దలు తప్తకుండమును గూర్చి చెప్పుచుండగా మన సోదరీమణులు పెక్కుమంది వినియుందురు. అట్టి వేడినీటి బుగ్గలు జపానుదేశమున వేలకొలది గలవు. వానిని అచ్చటివారు ‘ఒన్‌సెన్’ అందురు. 1948 సంవత్సరపు చట్టము ననుసరించి, భూమినుండి వెలువడునప్పుడు 25 డిగ్రీల సెంటిగ్రేడుకు తక్కువగాని వేడిమియో, నిర్ణయింపబడిన ఖనిజద్రవ్యములో గల నీటికే యా పేరు చెల్లును. అయితే మన స్త్రీలు తప్తకుండమున చీరతో మునుగుదురు. జపానులోని ఉమ్మడి స్నానశాలలో సాధారణముగ వస్త్రమేదియు లేక, ఇతరస్త్రీల యెదుట నీటిలో దిగవలయును. భర్తల ఉద్యోగములవలననో, తమ చదువులకొరకో, విహారార్థమో ఆ దేశము వెళ్లు మనవారికి ఈ యొక్క నియమమే గుమ్మముకడ అడ్డుపడుచున్నది. అంతదూరము పోయి గుమ్మమునుండి మరలివచ్చుట విచారకరము. లోపల జరుగునదేమో ముందుగ దెలియజెప్పక వారిని లోనికి పొమ్మనుటయు న్యాయము గాదు.

షికోకూ ద్వీపమున మత్సుయామా నగరమందలి దోగో మిగుల ప్రాచీనమైన బుగ్గ. గాయపడిన తెల్లకొంగ యొకటి యీ నీట కాలు ముంచి స్వస్థత నొందెనని అచ్చటి స్థలపురాణము. మూడంతస్థుల కొయ్యమేడ 1894లో కట్టబడినది. దాని కప్పుపై చిన్న బురుజు గలదు; ఉదయము 6 గంటలకు అందలి ఢంకా మ్రోగగనే తలుపులు దెరతురు. ప్రసిద్ధ నవలాకారుడగు నత్సుమె సోసెకి 1895లో ఆ యూర ఉపాధ్యాయుడుగ నుండెను. 1906లో వెలువడిన ఆయన ‘బొచ్చాన్’ నవలలో ఈ స్నానశాల వచ్చును. కథానాయకుడు తొట్టిలో ఈదులాడగా, తరువాత అచ్చట ఈదరాదని పలక వ్రేలాడగట్టిరట! 2019లో మొదలైన మరమ్మతులు ముగిసి, 2024 జూలైలో మేడ యంతయు మరల తెరువబడినది. 18 ఊటల నీటిని గలిపి, కాచుటగాని చన్నీరు చేర్చుటగాని లేకయే 42 డిగ్రీల ప్రాంతమునకు దెత్తురు.

స్త్రీపురుషులకు ద్వారములు వేరు. తెర ఎఱ్ఱనిదైన స్త్రీలది, నీలమైన పురుషులది యని తరచు వాడుక. రంగును మాత్రమే నమ్ముకొనక, ‘స్త్రీ’ యను జపాను అక్షరమును ముందుగ కాగితముపై వ్రాయించుకొనుట మేలు.

మనకు స్నానమనగా మురికి పోగొట్టుకొనుట. అచ్చట మురికి పోయిన తరువాతనే తొట్టి. గోడవెంబడి కొళాయిలును, వానియెదుట పొట్టిపీటలును, చిన్నగిన్నెలును ఉండును. పీటపై కూర్చుండియే స్నానము చేయవలెను. నిలుచున్నచో తుంపరలు ప్రక్కవారిపై పడును. సబ్బుతో ఒడలెల్ల రుద్దుకొని, నురుగు రవంతయు మిగులకుండ కడుగుకొని, లేచునపుడు పీటనుగూడ కడిగి రావలెను. జుట్టు పైకి ముడివేసికొనవలెను. తలకు నూనె, ఒంటికి పసుపు ఉండగా నీట దిగుట బొత్తిగా కూడదు. పసుపుత్రాడు గలవారు దానిని రంగు దిగకుండువరకు కడుగుకొనవలెను. చేతితువాలునైనను తొట్టిలో ముంచరు. మడిచి నెత్తిన పెట్టుకొందురు. ఆ నీరు తరువాత దిగువారిది కూడ అనుటయే యీ కట్టుబాట్లకు మూలము. మడి యని పేరు పెట్టలేదు గాని, మన మడికంటె నిది తేలిక గాదు.

ఇక సిగ్గుమాట. లోపల ఒకరివంక నొకరు చూపు నిలుపుట అమర్యాద. ముసలితనపు ముడుతలు, ప్రసవపు చారలు, లావు, సన్నము అన్నియు నచ్చట గలవు, ఎవరికిని పట్టదు. పటములలోని సుందరాంగులను జూచి తమ శరీరమును నిందించుకొను పడుచులకు ఈ దృశ్యము మేలుచేయునని నాకు దోచుచున్నది. రొమ్ముకు శస్త్రచికిత్స జరిగినవారు మచ్చ కనబడునని వెనుదీయనక్కరలేదు. వారికై ప్రత్యేక స్నానవస్త్రములు గలవు. వానితో తొట్టిలో దిగుట శుభ్రతకు విరుద్ధము గాదని ప్రభుత్వమే తెలిపి, స్నానశాలలవారి సహకారము గోరుచున్నది. అప్పటికిని సంకోచము వీడనివారికి దోగోలోనే, 2017లో తెరచిన ఆసుకానోయు స్నానశాలలో, పూర్వపురీతి స్నానవస్త్రము ధరించి దిగుటకు ప్రత్యేకమైన గదులు గలవు.

పచ్చబొట్టు సంగతి వేరు. దానిని దుండగుల ముఠాల చిహ్నముగ నెంచి పెక్కుచోట్ల లోనికి రానీయరు. 2013లో హొక్కైడోలో నొకచోట న్యూజీలండునుండి వచ్చిన మవోరీ స్త్రీని, ఆమె ముఖముపైనున్న సంప్రదాయపు పచ్చబొట్టు కారణముగ నిలిపివేసిరి. చేత పచ్చబొట్టుగల అవ్వలను తీసికొనిపోవువారు ముందుగ విచారింపవలెను.

కుసత్సువంటి గంధకపు బుగ్గలలో వెండి మెట్టెలు, పట్టీలు నల్లబడును, తీసి దాచుకొనుడు. గుండెజబ్బు గలవారు వైద్యుని అడుగక దిగరాదు. గర్భిణులు దిగరాదను పాత హెచ్చరికను 2014లో ప్రభుత్వము తొలగించెను. అయినను మన గర్భిణులు తమ వైద్యురాలిని అడిగి దిగుటయే మంచిది. ఏడేండ్లు నిండిన మగపిల్లవానిని తల్లి తనవెంట స్త్రీలవైపునకు తీసికొనిపోరాదని 2020నుండి ప్రభుత్వపు సూచన.

దోగోలో మేడమీద కూర్చుండుటకు టిక్కెట్టు కొన్నచో, ‘యుకత’ యను పలుచని నూలుటంగీ నిత్తురు. స్నానమైన తరువాత టీయు, బియ్యపుపిండి బిస్కట్లును దెచ్చిపెట్టుదురు. ఒడలి వేడి తగ్గువరకు చాపపై కూర్చుండి, క్రింద వీధిలో పోవువారిని జూచుచుండవచ్చును.